కిటికీ సముద్రం వైపు

...కిటికీ సముద్రం వైపే ఉండాలి అని రాస్తే చాలా, లేక మంచం మీద పడుకున్నా సముద్రం కనిపించాలి అని విడమర్చి రాయాలా, విడమర్చితే అక్కడ చదివేవాళ్లు నవ్వుకుంటారేమో, కొత్త పెళ్లికొడుకు మంచం సంగతి కూడా రాశాడని. వద్దు, కిటికీ చాలు, కిటికీ దగ్గర ఎలాగూ ఒక కుర్చీ ఉంటుంది, అలేఖ్య అందులో కూర్చుంటుంది, ఆమెకు సముద్రమంటే ఇష్టం. ఆమె గురించి పెళ్లికి ముందే నాకు తెలిసిన సంగతి అదొక్కటే. "ప్రత్యేకంగా ఏమైనా కోరుకుంటున్నారా?" అని ఫోన్‌లో ఒక తెల్లటి గడి ఖాళీగా అడుగుతోంది, దాని పైన ఎర్ర అంకెలు సెకను సెకనుకూ తగ్గిపోతున్నాయి, సాయంత్రం ఐదింటితో సగం ధర ఆఖరట. డోర్నకల్ స్టేషన్‌లో ఈ సిమెంటు బెంచీ మధ్యాహ్నపు ఎండను ఇంకా వదల్లేదు, పైన మాత్రం మబ్బు కమ్ముకుంది. మహబూబాబాద్ పోయే పాసింజరు గంట ఆలస్యమని ఇప్పుడే చెప్పారు. నాలుగు దాటింది. బండికీ గదికీ కలిపి నాకున్నది ఒకటే గంట. పేరు, మహీధర్. రెండో పేరు, అలేఖ్య. పెద్దలు, ఇద్దరు. ఆ "పెద్దలు" అన్న మాట దగ్గర వేలు కాసేపు ఆగింది. ఇరవై మూడు రోజుల కింద పెళ్లయింది మాకు, అందులో పన్నెండు రోజులు ఆమె వాళ్లింట్లో, నేను నా అద్దె గదిలో. పెద్దలం ఎప్పుడు అయ్యాం? రేషన్ కార్డులో కూడా ఇంకా ఎవరి అమ్మానాన్నల కింద వాళ్లమే ఉన్నాం. అయినా ఆ రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి చూస్తుంటే బాగుంది, శుభలేఖ మీద కన్నా ఇక్కడే బాగుంది, శుభలేఖ మీద చుట్టూ పాతికమంది ఉన్నారు, ఇక్కడ మేమిద్దరమే.

పెళ్లిచూపుల్లో కూడా ఇద్దరమే అని చెప్పి డాబా మీదికి పంపారు గానీ ఇద్దరం కాదు, వాళ్ల చెల్లెలు అక్షిత మెట్ల మీద కాపలా కూర్చుంది. బచ్చన్నపేట దాటి లోపలికి పోతే పత్తి చేల మధ్య ఉంటుంది వాళ్ల ఊరు. ఏప్రిల్ ఎండ, డాబా మీద ఒక మూల చింతపండు ఆరబోసి ఉంది, నేను దాన్నే చూస్తూ, ఎన్ని రోజుల నుంచో బట్టీ పట్టిన ప్రశ్న అడిగాను, నీకు ఏమంటే ఇష్టం అని. ఆమె వెంటనే చెప్పలేదు. ఆలోచించింది. ఆ ఆలోచించడం నాకు నచ్చింది, సినిమాలు, పాటలు అని గబుక్కున అనేయలేదు. తర్వాత మెల్లగా అంది, "సాయంత్రం సముద్రం కాడ కూసునుడు. పొద్దుగూకేటప్పుడు నీళ్లన్ని కుంకుమ లెక్కైతయ్. ఏం మాట్లాడకుంట కూసుంటె మనసు నిమ్మళమైతది." నేను తల ఊపాను. వాళ్ల పెద్దమ్మ విశాఖపట్నంలో ఉంటుందని సంబంధం తెచ్చినాయన చెప్పాడు, సెలవులకు అక్కడికి పోతుంది కాబోలు అనుకున్నాను, అనుకుని, "నాక్కూడ సముద్రమంటే ఇష్టమే" అన్నాను. భూపాలపల్లిలో పుట్టి, బొగ్గు గని కాలనీలో పెరిగి, ముప్పై ఏళ్లకు మహబూబాబాద్ దాకా వచ్చినవాణ్ని, సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడలేదు నేను. మెట్ల మీద నుంచి అక్షిత కేక వేసింది, "బావా, జర గట్టిగ మాట్లాడు, నాకు ఇనబడ్తలేదు!" అలేఖ్య నవ్వింది. పై వరసలో ఒక పన్ను మీదికి ఇంకో పన్ను కొంచెం వాలి ఉంటుంది, నవ్వినప్పుడే కనిపిస్తుంది. ఆ నవ్వులో నా అబద్ధం ఎటో కొట్టుకుపోయింది, లేక అప్పుడలా అనుకున్నాను. పోయేముందు అక్షిత కారు దాకా వచ్చి రహస్యంలా చెప్పింది, "మా అక్క ఏమన్నదో ఎరికేనా? గీయన మంచిగ ఇంటడే, అందరి లెక్క నడుమ నడుమ మాట్లాడడు, అన్నది." అందుకే ఒప్పుకుందట. జీతం కాదు, ఆస్తి కాదు, నేను వింటానని.

వింటానా నేను? తల ఊపుతాను. తల ఊపడం వేరే విద్య, అది మా ఇంట్లో పుట్టింది. బాపు పేరు జగపతి, ఉన్న నాలుగెకరాలు గనికి పోతే అదే గనిలో ఉద్యోగం ఇచ్చారు ఆయనకు, తన పొలాన్నే కింద నుంచి తవ్వమన్నట్టు, ఇరవై ఏడేళ్లు నేల కింద డ్రిల్లు పట్టుకున్నాడు. చెవులు అక్కడే వదిలి వచ్చాడు. పూర్తిగా పోలేదు, సగం. సగం పోవడమే కష్టం, పూర్తిగా పోతే అందరికీ తెలుస్తుంది. ఆయన ఎవర్నీ మళ్లీ చెప్పమని అడగడు. ఎదుటివాడి ముఖం చూసి, అది నవ్వే ముఖమైతే నవ్వుతాడు, ఏడ్చే ముఖమైతే నాలుక చప్పరిస్తాడు, రెండూ కాకపోతే తల ఊపుతాడు. నేను ఎనిమిదో తరగతిలో లెక్కలు తప్పినప్పుడు సారు పిలిపించి, మీవాడు దేనికీ పనికిరాడండీ అంటే, సారు మర్యాదగా నవ్వుతూ అన్నాడు కాబట్టి బాపు కూడా నవ్వి, "మంచిది సారూ, అంత మీ దయ" అని దండం పెట్టి వచ్చాడు. ఇంటికి వస్తూ దారిలో నాకు జిలేబి కొనిచ్చాడు. ఆ జిలేబి తిన్నంతసేపూ నాకు ఏడుపొచ్చింది, ఎందుకో అప్పుడు తెలియదు. ఇంట్లో ఆయనకు ఏ కష్టమూ లేదు, అమ్మ ప్రతి మాటా రెండుసార్లు అంటుంది. అన్నం తింటవా, అన్నం తింటవా. వాన వచ్చేటట్టున్నది, వాన వచ్చేటట్టున్నది. ఆయన అడగకముందే రెండోసారి అనేస్తుంది, ఆయనకు అడగాల్సిన అవసరం రాకూడదని. పరాయి ఇళ్లలో మాటలు ఒక్కసారే అంటారని నాకు పదేళ్లు వచ్చాక గానీ తెలియలేదు. నా చెవులు బాగానే ఉన్నాయి, దవాఖానలో చూపించాను కూడా. కానీ మాట జారిపోయినప్పుడు, ఏందీ అని అడగడానికి నోరు రాదు, మెడ కదులుతుంది. ఆఫీసులో సోమవారం సోమవారం ప్రజావాణికి అర్జీలు పట్టుకుని వచ్చే ముసలివాళ్లు నా బల్ల దగ్గరికే వస్తారు, ఈ సారు మంచిగ ఇంటడు అంటారు. తల ఊపితే చాలు, మనిషికి సగం బాధ తీరుతుంది. మిగతా సగం సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు.

నలభై ఎనిమిది నిమిషాలు. ఈ గది సంగతి నా నెత్తికెక్కించింది రాజేశ్, మా ఆఫీసులో నా పక్క సీటు, ఇవాళ వాళ్ల కొడుకు పుట్టినరోజని భోజనానికి పిలిస్తే ఇక్కడికి వచ్చాను. ఆషాఢం మొదలైన రోజే అలేఖ్య వాళ్ల నాయిన కొండల్ మామ కారు తెచ్చి ఆమెను తీసుకుపోయాడు, ఆషాఢంలో అత్తా కోడలూ ఒక గడప దాటకూడదు, కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. "పోనియ్యి బిడ్డా, నెల ఎంతసేపు, నెల ఎంతసేపు" అని అమ్మ నాకు కూడా రెండుసార్లు చెప్పింది. అప్పటి నుంచి నేను టిఫిన్ డబ్బా మూత తీసి ఊరికే కూర్చోవడం రాజేశ్ చూస్తున్నాడు. "ఏందే మహీ, పప్పుల మొకం చూసుకుంటున్నవా? వదిన మొకం కనబడ్తుందా అండ్ల?" అని ఆఫీసంతా వినేట్టు అరిచి, తర్వాత ఫోన్‌లో ఇది పంపాడు. కోస్తాలో సముద్రం ఒడ్డున రిసార్టు, కొత్త జంటలకు సగం ధర, ఆషాఢం పోయేదాకా. "ఎందుకు సగమో ఎరికేనా? ఈ నెలల కొత్తోళ్లెవరు కలువరు, రూములన్ని ఖాళీ. మనకదే కావాలె. అత్తగారి గడప తొక్కొద్దన్నరు గని సముద్రానికి గడపుంటదా?" ఆ మాటకు అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, కానీ ఆ మాట నాలో ఉండిపోయింది. ఇవాళ భోజనాలయ్యాక వాళ్ల వరండాలో నుంచి రిసార్టుకు ఫోన్ చేశాను. ఎవరో అమ్మాయి, గొంతు చక్కెర పాకంలా ఉంది, నమస్కారమండీ అంది. నేను తొందరలో, "గా రూం కిటికీల కెల్లి సముద్రం కనబడ్తదా, జర చెప్పుండ్రి" అన్నాను. "అండీ? అర్థం కాలేదండీ, మళ్లీ చెప్పండి" అందా అమ్మాయి. వెక్కిరింపు లేదు అందులో, ఏమీ లేదు, వినపడలేదు కాబట్టి అడిగింది, అంతే. ఎంత తేలిగ్గా అడిగింది! కానీ సినిమా తెర మీద మా మాట వినిపిస్తే చాలు హాలంతా గొల్లుమనే రోజుల్లో పెరిగినవాణ్ని, నాకు చెవులు కాలాయి, పుస్తకంలో మాటల్లాగా "ఏమీ లేదు, తర్వాత చేస్తాను" అని పెట్టేశాను. అందుకే ఇప్పుడు ఈ తెల్ల గడిలో రాసుకుంటున్నాను. రాస్తే యాస ఉండదు.

ఎప్పటికి కావాలి అని అడుగుతోంది ఇప్పుడు. వచ్చే ఆదివారం. ఐతారం అన్నది అలేఖ్య, నిన్న సాయంత్రం ఫోన్‌లో. పెరట్లోకి వచ్చి చాటుగా మాట్లాడుతుంది, అక్కడ సిగ్నల్ తెగి తెగి వస్తుంది. నేను ఈ గది సంగతి చివరిదాకా దాచి ఆశ్చర్యపెడదామనుకుని, ఊరికే, "మనం సముద్రం కాడికి పోదామా?" అన్నాను. అవతల గొంతు మారింది, నీళ్లు పోసిన మొక్క లేచినట్టు. "నిజంగనా? మీరే అంటరని నేననుకోలే." తర్వాత ఏదో గబగబా చెప్పింది, మధ్యలో తెగింది, ఐతారం అని వినిపించింది, సముద్రం కాడ అని వినిపించింది, గడప అని ఏదో, నాయినకు చెప్పకుండ్రి అని స్పష్టంగా వినిపించింది. "ఆఁ, సరే" అన్నాను. "సరేనా? మాట తప్పొద్దు మల్ల." "తప్ప." పెట్టేశాక చాలాసేపు గదిలో అటూ ఇటూ తిరిగాను. ఒక మనిషిని అంత సంతోషపెట్టగలనని నాకు తెలియదు. బాపు కొనిచ్చిన జిలేబి గుర్తొచ్చింది, ఈసారి ఏడుపు లేకుండా. ఏ ఐతారమో వినిపించలేదు, వచ్చే ఐతారమే అయి ఉంటుంది, సెలవు పెట్టాలి, బస్సు చూడాలి, ఇంత దూరం ప్రయాణానికి ఆ మాత్రం గడువు కావాలి కదా. తేదీ మీద వేలు పెట్టాను. గడి నీలంగా మారింది.

"కొడుకా, గీ బండి కేసముద్రంల ఆగుతదా?" అని బెంచీ అటు చివర నుంచి అడిగిందామె. అద్దాల రవికె, వెండి కడియాలు, కాళ్ల దగ్గర గోనెసంచి. పక్కన తలపాగా ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. ఇందాక టికెట్ దగ్గర ఆయనే గట్టిగా పిలిచాడు ఆమెను, తుల్సీబాయీ అని. ఆగుతదవ్వా అన్నాను. "జర యాది చెయ్యి బిడ్డా. ఈ మోతీలాల్‌ను నమ్ముకుంటె పోయినసారి నెక్కొండ దాంక తీస్కపోయిండు, నిద్రపోయి." ఆయన కళ్లు తెరవకుండానే అన్నాడు, "నేను నిద్రపోయిన్నా? నువ్వు ముచ్చట్లు పెట్టినవ్." "సముద్రం కనబడ్తె దిగుదామని చూస్తున్నవేమో కిటికీలకెల్లి!" ఆయన ఇప్పుడు కళ్లు తెరిచాడు. "కేసముద్రంల సముద్రం యాడిదే? మిర్చి ఘాటున్నది, మార్కెట్టున్నది." "ఊకెనే పెడ్తరా పేరు? పెద్ద చెరువుంటె సముద్రమే అంటరు. మా అవ్వగారి తండా కింద నల్లసముద్రం లేదా? లగ్గమైన కొత్తల నేను సముద్రం కాడికి పోయొస్త అంటె, ఈయన, సముద్రమేందే, ఏ సముద్రమే, అని నన్ను ఎంత పరేషాన్ చేసిండనుకున్నవు కొడుకా!" మోతీలాల్ నా వైపు తిరిగి, న్యాయం చెప్పమన్నట్టు అన్నాడు, "అడిగిన. అడుగకుంటె ఎట్ల తెలుస్తది?" వాళ్లిద్దరూ తర్వాత తమ భాషలోకి వెళ్లిపోయారు, అందులో కూడా పోట్లాటే అనుకుంటా, ఆమె నవ్వుతోంది.

కేసముద్రం. మూడేళ్లుగా మహబూబాబాద్ స్టేషన్‌లో ఆ పేరు వింటున్నాను, వందలసార్లు విని ఉంటాను, అందులో సముద్రం ఉందని ఇవాళ్టిదాకా వినలేదు. మా దగ్గర గణపురం చెరువు అసలు పేరు కూడా గణపసముద్రమే, బడిలో చదువుకున్నాం, కాకపోతే మేం చెరువనే అంటాం. వాళ్లు సముద్రం అంటారేమో. వాళ్ల ఊరంతా అంటుందేమో. ఒక్కొక్కటే వచ్చి నా ఎదుట నిలబడుతున్నాయి, పిలవకుండానే. పొద్దుగూకేటప్పుడు నీళ్లు కుంకుమ లెక్కైతయ్. విశాఖలో పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది, గూకదు, ఆ మాత్రం భూగోళం నాకు తెలుసు, తెలిసీ తల ఊపాను. పెళ్లయిన మూడో రోజు వాన పడుతుంటే కిటికీ దగ్గర నిలబడి, "ఈసారన్న సముద్రం అలుగు పోస్తదంటరా?" అంది. సముద్రం నిండి అలుగు మీది నుంచి పొర్లడం! అది కవిత్వం అనుకున్నాను నేను, నా భార్య ఎంత అందంగా మాట్లాడుతుంది అనుకుని ఆఁ అన్నాను. అప్పగింతల భోజనాల దగ్గర కొండల్ మామ, "సముద్రం మన్ను పోయిస్తె పత్తికి మంచిదల్లుడా" అంటే దానికీ ఆఁ అన్నాను. ఉప్పు మన్ను పత్తికి ఎట్ల మంచిదని కూడా అనిపించలేదు. అనిపించిందేమో, అనిపించి లోపలే దాన్ని ఎవరో మెత్తగా నొక్కేసి ఉంటారు. మనసులో ఒక గుమాస్తా ఉంటాడు కాబోలు, వచ్చిన మాటల్లో అర్థం కానివాటిని కూడా అర్థమైనట్టు సర్ది, ముద్ర వేసి లోపలికి పంపిస్తాడు. అయితే నిన్న తెగి తెగి వచ్చిన మాటల్ని కూడా వాడే సర్దాడు. ఐతారం. సముద్రం కాడ. గడప. నాయినకు చెప్పకుండ్రి. గది కోసమైతే, రెండు రోజులు ఇల్లు వదిలి రావడానికైతే, నాయినకు చెప్పకుండా ఎట్ల వస్తుంది? గడప మాట ఎందుకు వస్తుంది? ఆమె అన్నది ఇదేమో, మా గడప తొక్కనక్కర లేదు, సముద్రం కాడికి రాండ్రి, నాయినకు చెప్పకుండ్రి, రేపు ఐతారం. రేపు. నిన్న శనివారం. ఇవాళ ఐతారం.

లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియక మళ్లీ కూర్చున్నాను. ఆమె చెరువు కట్ట మీద ఉంటుందా ఇప్పుడు? ఇంకో రెండు గంటల్లో పొద్దు గూకుతుంది, ఇక్కడ మబ్బు ఉంది గానీ అక్కడ ఉందో లేదో. ఏ చీర కట్టుకుని ఉంటుంది? నేను వస్తానని అక్షితకు చెప్పి ఉంటుంది, ఇద్దరూ దారి వైపు చూస్తూ ఉంటారు, లేక అనుమానం నాదేనేమో, ఆమె నిజంగానే విశాఖ సముద్రం గురించి చెప్పిందేమో, పెద్దమ్మ ఉన్నది నిజమే కదా. అడిగితే తెలుస్తుంది. అడగకుండా కూడా తెలుసుకోవచ్చు. అక్షితకు ఏదో వంకతో ఫోన్ చేసి, మీ ఊరి చెరువు పేరేంది అని ఊరికే అడగవచ్చు, ఆ తర్వాత బండి ఆలస్యమైందని చెప్పి, పనిబడిందని చెప్పి, ఇవాళ్టికి ఎట్లో దాటేసి, వచ్చే ఐతారం కట్ట మీదికి పోయి అన్నీ తెలిసినట్టు కూర్చోవచ్చు. ఆమెకు ఎప్పటికీ తెలియదు. నలభై ఏళ్లు తెలియకుండా గడపవచ్చు, మా బాపు గడిపాడు కదా. గడిపాడా? అమ్మ రెండుసార్లు అంటుంది కాబట్టి గడిపాడు. అంటే ఆయన అడగాల్సిన బరువు జీవితమంతా ఆమె మోసింది, ఒక మాటకు ఇంకో మాట చొప్పున. అలేఖ్య ఒక్కసారే అంటుంది. ఆలోచించి, మెల్లగా, ఒక్కసారే, ఎదుటివాడు వింటున్నాడని నమ్మి. గీయన మంచిగ ఇంటడే. నాలో ఆమెకు నచ్చిందని నాకు రూఢిగా తెలిసిన సంగతి అదొక్కటే, మిగతావన్నీ నా ఊహలు, ఇప్పుడు ఫోన్ చేసి, నేను వినలేదు అంటే ఆ ఒక్కటీ పోతుంది. పోయాక ఇంకేం మిగులుతుంది నా దగ్గర, ఒక మెడ. ఫోన్ చూశాను. పద్దెనిమిది నిమిషాలు. కిటికీ సముద్రం వైపు ఉండాలి, మా ఆవిడకు సముద్రమంటే ఇష్టం. నేనే రాసిన వాక్యం, ఎవరో తెలియని ఆడమనిషి గురించి రాసినట్టుంది. వేలు కింది పచ్చ మీట దాకా పోయింది, ఒత్తితే అయిపోతుంది, చాలా తేలిక. పక్కకు జరిపి ఆమె పేరు ఒత్తాను.

ఒక్క రింగుకే ఎత్తింది. "యాడిదాంక వచ్చిన్రు?" గాలి హోరు వినిపిస్తోంది ఆమె వెనక. పెరట్లో లేదు.

"డోర్నకల్‌ల ఉన్న."

"డోర్నకలా? గక్కడెందుకున్నరు? జనగామల దిగి బస్సు దొరుకలేదేమో, అక్షితకు స్కూటీ ఇచ్చి పంపుదామా అని చూస్తున్న నేను."

"అలేఖ్యా, నిన్న నువ్వు చెప్పింది నాకు సాఫ్ ఇనబడలే."

"సరే అన్నరు గద?"

"అన్న. ఇనకుంటనే అన్న."

గాలి. ఏదో నీటిపిట్ట అరుపు. నేను తుల్సీబాయి వైపు వీపు తిప్పుకున్నాను. ఇంకా ఉన్నదంతా అనేయాలి, ఆగితే మళ్లీ రాదు. "నువ్వు సాయంత్రం పోయే సముద్రం... చెరువా?"

"మరేమనుకున్నరు?"

"సముద్రమే. పెద్దది. రూం చూస్తున్న పొద్దటి సంది, కిటికీ సముద్రం దిక్కు ఉండాలె అని రాస్తున్న."

ఆమె నవ్వు వినిపించింది, ఆగి ఆగి, ఊపిరందనట్టు. "ఓ అవ్వా... బచ్చన్నపేటల సముద్రం!" దూరం నుంచి అక్షిత గొంతు, "ఏందక్కా? ఏమంటుండు బావ? నాక్కూడ చెప్పు!" "నువ్వాగవే జర." నవ్వులో ఆ వాలిన పన్ను నాకు కనిపించింది. ఇక్కడితో వదిలేయవచ్చు, నవ్వులో అన్నీ కొట్టుకుపోతాయి, డాబా మీద పోయినట్టు. అప్పుడామె అడిగింది, నవ్వు ఇంకా గొంతులోనే ఉంది, "మీక్కూడ ఇష్టమన్నరు గద అప్పుడు, మా డాబా మీద?"

"నేను ఏ సముద్రం చూడలే. మీది చూడలే, పెద్దది చూడలే. నువ్వంటె ఆఁ అన్న, అంతే."

నవ్వు ఆగింది. నేను ఎదురు చూసింది అదే. "అంటె," అంది, ఆలోచించి, మెల్లగా, "ఇంకెన్నిటికి గట్ల ఊకెనే ఆఁ అన్నరు?"

ఇరవై మూడు రోజులు కళ్ల ముందు తిరిగాయి. పెళ్లి పందిట్లో బ్యాండు మోతలో ఆమె నా చెవిలో అన్న మాట. మొదటి రాత్రి, గోడ వైపు తిరిగి ఏదో చాలాసేపు చెప్పింది, గొంతు బాగా తగ్గించి, నేను చీకట్లో తల ఊపుతూనే ఉన్నాను. "చానిటికి" అన్నాను.

అప్పుడే మొదటి ప్లాట్‌ఫాం అవతలి పట్టాల మీద బొగ్గు గూడ్సు వచ్చింది. ఆగే బండి కాదు, డబ్బా వెంట డబ్బా, బెంచీ అదురుతోంది, మోతీలాల్ చేతులతో చెవులు మూసుకున్నాడు. ఆమె మాట్లాడుతోంది. పొట్టి మాట కాదు, పొడుగుగా, మధ్యలో ఎక్కడో ఆగి మళ్లీ మొదలుపెట్టి, కోపమో కాదో తెలియడం లేదు, గొంతు ఎత్తు పల్లాలు మాత్రం తెలుస్తున్నాయి. ముఖం కనిపిస్తే బాగుండును, ముఖం చూసి నవ్వాలో చప్పరించాలో తేల్చుకునేవాణ్ని. చెవి దగ్గర ఫోన్ ఒకసారి వణికింది, గది గడువు కావచ్చు, అయిపోయినట్టుంది. ఆమె ఆగింది. నా జవాబు కోసం ఆగింది. నా మెడ అప్పటికే కదిలింది, గొంతులో "ఆఁ" తయారై నాలుక చివరిదాకా వచ్చి కూర్చుంది, వెచ్చగా, చాలా అలవాటైన వెచ్చదనం. దాన్ని మింగాను. ప్లాట్‌ఫాం చివరికి, రేకుల కప్పు కూడా దాటి, చినుకుల్లోకి నడిచాను, రెండో చెవిని అరచేత్తో గట్టిగా మూసుకున్నాను.

"ఇనబడలే, అలేఖ్యా," అన్నాను. "మళ్ల చెప్పు."